రాజవ్వ నడుము

నేను ఒక జంపఖానాను. వరంగల్లు కొత్తవాడలో, మగ్గం మీద పుట్టాను. ఒళ్లంతా ఎర్రచారలు, నీలి అంచు. ఏ పెళ్లిపందిట్లోనో పరుస్తారని ఆశపడ్డాను. మెట్‌పల్లిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైన ముకుందం సారు నన్ను కొని, పొద్దున్నే యోగాసనాలు నేర్పే హాల్లో పరిచాడు. అప్పటినుంచి నాకు మనుషుల మొహాలకన్నా మడమలూ మోచేతులే బాగా తెలుసు. శవాసనం మాత్రం అక్కడికొచ్చేవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కళ్లు మూసుకోమనగానే గురక మొదలయ్యేది.

సారు మంచివాడే. కానీ ఆసనమంటే పుస్తకంలో బొమ్మలా ఉండి తీరాలి. పశ్చిమోత్తానాసనంలో కాళ్లు చాపి వంగితే నుదురు మోకాళ్లకు తాకాల్సిందే.

రాజవ్వ ముప్పై ఏళ్లుగా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మనిషి. వంగి వంగి నడుము బిగుసుకుపోయింది. నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే వచ్చింది. పదోరోజు ఆమె నుదురు మోకాళ్లకు జానెడు దూరంలో ఆగిపోయింది.

“ఇంకొంచెమే రాజవ్వా, ఊపిరి వదులు,” అంటూ సారు రెండు చేతులతో ఆమె వీపు నొక్కాడు.

“వద్దు సారూ, పట్టేస్తున్నది...”

నుదురు తాకింది. “భేష్!” అన్నాడు సారు. రాజవ్వ లేవలేదు. పక్కకు ఒరిగి నామీదే ఉండిపోయింది. ఆమె కన్నీళ్లు నా పోగుల్లోకి ఇంకాయి.

నెలరోజులు కూర్చోవద్దన్నాడు డాక్టరు. కూర్చోకపోతే బీడీ లేదు, బీడీ లేకపోతే పొయ్యి లేదు.

సారు హాలుకు తాళం వేసి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఎముకల పటం ముందేసుకున్నాడు. తొడ వెనక కండరాలు బిగుసుకుపోతే తుంటి కదలదు, అప్పుడు ఆ వంపు భారమంతా నడుమే మోయాలి. కొత్త సంగతేమీ కాదు, ఒకప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మర్నాడు నన్ను చుట్టి చంకన పెట్టుకుని రాజవ్వ ఇంటికి వెళ్లాడు. గడప బయటే నిలబడి, “తప్పు నాదే,” అన్నాడు.

ఆమె పడుకునే చూసింది. “మీరు నా తలకాయనే జూసిన్రు సారూ. నా నడుమును ఒక్క మాట అడగకపోతిరి.”

“ఇగ అడుగుత. అది చెప్పినట్టే చేద్దాం.”

డాక్టరు సరేనన్నాక ఆమె అరుగుమీద నన్ను పరిచారు. మొదట ఊపిరి మాత్రమే. తర్వాత మోకాళ్లు వంచి, కాస్త కదలిక. సారు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేవాడు. మూడో నెలలో రాజవ్వ మళ్లీ చాట ముందు కూర్చుంది, గంటకోసారి లేచి నడుస్తూ. అది చూసి వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. సారు ఆసనం చెబితే, పక్కనుంచి రాజవ్వ, “గుంజకే అక్కా, నడుము నీది,” అనేది.

ఏళ్లు గడిచి నేను నడిమధ్య చినిగాను. సారు పారేద్దామన్నాడు. రాజవ్వ కత్తెర తెచ్చింది.

“ఎందుకు సారూ? మడతబెట్టి కింద ఏసుకుంటే తుంటి లేస్తది, నడుము నిలవడతది.”

నన్ను ఆరు ముక్కలు చేసింది. కత్తెర పడుతుంటే నాకూ భయమేసింది. ఐదు ముక్కలు ఆడవాళ్లు తీసుకున్నారు. ఆరోదాన్ని ముకుందం సారు కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే మడిచి కింద వేసుకుని, మెల్లగా కూర్చున్నాడు.