రుచిత పగడాలకు లైటు

వన్ టౌన్‌లో మా అక్వేరియం షాపుకి వచ్చేవాళ్లలో నాకు ఒళ్లు మండించేది అన్నీ తమకే తెలుసనుకునేవాళ్లు. తిరుపతిరావుగారు అలాగే వచ్చారు. కైకలూరు వైపు ముప్ఫయ్యేళ్లు రొయ్యల చెరువులు చేసి, ఇప్పుడు గుణదలలో ఉంటున్న మనిషి.

ఆయన కూతురు రుచిత నా దగ్గరే సామాను కొని, ఇంట్లో ఉప్పునీటి తొట్టె పెట్టి నాలుగేళ్లు ప్రాణమున్న సముద్రపు పగడాలు పెంచింది. వేలెడంత ముక్కలు తీసుకెళ్లి అరచేతులంత చేసింది. పోయిన శ్రావణంలో గన్నవరం రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయింది.

"పాత లైటు మాడిపోయిందమ్మా. పిల్ల చేత్తో పెంచినవి అవే మిగిలాయి. వాటిని చావనివ్వకూడదు. షాపులో అన్నిటికన్నా పెద్ద లైటు ఇవ్వు," అన్నారాయన.

"అంత పెద్దది వద్దండీ. మీ తొట్టెకి ఈ చిన్నది చాలు. అవి తక్కువ వెలుగుకి అలవాటుపడ్డాయి."

ఆయన నవ్వారు. "చూడమ్మాయ్, నీళ్లకి ఎండ తగలాలి. ఎండ లేని చెరువు ఎక్కడైనా బాగుపడిందా? నువ్వు పుట్టకముందు నుంచీ నేను నీళ్లలోనే ఉన్నా."

తాతకు దగ్గులు నేర్పడం నాకెందుకులే అని పెద్దదే ఇచ్చాను. మామూలుగా పెద్ద లైటు కొన్నవాళ్ల ఇంటికి నేనే వెళ్లి, వెలుగు నాలుగోవంతుకి తగ్గించి, వారానికి కాస్త చొప్పున పెంచమని చెప్పి వస్తాను. ఆ రోజు కోపంతో వెళ్లలేదు. తగ్గించాలన్న మాట కూడా చెప్పలేదు.

పదో రోజు ఫోన్ చేశారు. గొంతు నిండా సంతోషం. "ఉషా, పగడాలు తెల్లగా మల్లెపూలలా విచ్చాయి. మా ఆవిడ ఇన్ని నెలలకి మంచం దిగి తొట్టె ముందు కూర్చుంది. వచ్చి చూసిపో."

షాపు మూసేసి ఆటో ఎక్కాను. హాల్లో లైటు పూర్తి వెలుగుతో మండుతోంది. తొట్టెలో రుచిత పెంచిన ఆకుపచ్చ, ఊదా రంగులేవీ లేవు. కండంతా రాలిపోయి పగడాల తెల్లటి ఎముకలు మిగిలాయి. దాని ముందు ఆయన భార్య శివపార్వతిగారు పీట వేసుకుని కూర్చున్నారు.

"రుచిత చూస్తే ఎంత మురిసిపోయేదో. కాఫీ తాగుతావామ్మా?" అన్నారావిడ.

తిరుపతిరావుగారిని బాల్కనీలోకి పిలిచాను. నసగడం నాకు చేతకాదు. "తెల్లమచ్చ పడ్డ చెరువు మీకు తెలుసు కదండీ. ఇదీ అంతే అనుకోండి. అన్నీ చచ్చిపోయాయి."

రొయ్యల రైతుకి, రోజుల్లో చెరువంతా ఊడ్చేసే ఆ రోగం పేరు చెప్పాక ఇంకేం చెప్పక్కర్లేదు. ఆయన బాల్కనీ కమ్మీ పట్టుకున్నారు. "వెలుగు ఎక్కువైందా?"

"అవునండీ. నేను వచ్చి తగ్గించాల్సింది. మీ మాటకి కోపమొచ్చి రాలేదు."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన లోపలికి చూశారు. శివపార్వతిగారు కొంగుతో తొట్టె అద్దం తుడుస్తున్నారు.

"ఆవిడకి చెప్పకమ్మా," అన్నారు.

వారం తిరక్కుండా ఆ ఎముకల మీద నాచు పడుతుంది. అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఇంకాస్త వెలుగు పెంచితే ఇంకా పూస్తాయామ్మా?" అని అడిగారావిడ.

"ఇది చాలండీ," అన్నాను. ఆ మాట ఈ ఇంటికి వచ్చి చెప్పాల్సిన రోజున నేను రాలేదు.