చంద్రిక ఏమన్నది

"కుక్కర్ ఆపు షారోన్, విజిల్ వీడియోల పడ్తది."

షారోన్ కుక్కర్ ఆపింది. ఇంకా రెండు విజిళ్లే వచ్చాయి, ఆ పప్పుకు నాలుగు కావాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా పొయ్యి వెలిగించడం, పావుగంటకే దాన్ని ఆపేసి ముందుగదిలోకి వచ్చి మొగుడు సుకుమార్ ముఖం మీద లైటు పట్టుకుని నిలబడటం రెండేళ్లుగా నడుస్తున్న తంతే. మొయినాబాద్‌లో వాళ్లున్న ఇంటి ముందుగదిలో పుస్తకాల బీరువా ముందు కూర్చుని, పాత బొమ్మల కథల పుస్తకాల గురించి అతను ఫోన్ కెమెరాతో మాట్లాడతాడు. ఇప్పుడు వాటిని చదవొచ్చా, వదిలేయొచ్చా అని తీర్పు చెబుతాడు. పన్నెండు వేల మంది చూస్తారు. మోకిలలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో అతని ఉద్యోగం, మాట మీద బతికే మనిషి. రికార్డింగు అయ్యాక భోజనానికి కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పప్పు ఉడకలేదేంది?" అంటాడు. ఒక్క ఆదివారం కూడా మరిచిపోడు మహానుభావుడు.

చెడ్డవాడు అనడానికి లేదు. ఆమెకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోతాడు, జీతం ఏం చేశావని అడగడు. కానీ ఆ వీడియోల్లో అతను చెప్పే ప్రతి మాటా షారోన్ రాసిందే. ఆమె ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సోషల్ చెబుతుంది. ఖాళీ పీరియడ్లో పుస్తకం చదివి, ఏది ఇంకా పచ్చిగా ఉందో ఏది పాచిపోయిందో ఆలోచించి, నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసి ఇస్తుంది. "మా మిసెస్ గూడ జర హెల్ప్ చేస్తది" అని అతను ఏడాదికోసారి నవ్వుతూ చెబుతాడు. ఒకసారి ఆమె ఏమరుపాటున, "నేను చిన్నప్పుడు కొత్తిమీర మడి గట్టు మీద కూర్చుని దీన్ని చదివాను" అని రాసింది. అతను ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివేశాడు. అతను కొత్తిమీర మడిని చూసిందే పెళ్లయ్యాక. "మీ బాల్యం వింటుంటే ఏడుపొచ్చింది అన్నా" అని కింద ఎంతమంది రాశారో! షారోన్ అవన్నీ కూర్చుని చదివింది. తన చిన్నతనం పరాయివాళ్ల ఇంట్లో కిరాయికి ఉంటున్నట్టు అనిపించింది.

ఇక అత్తమ్మ. పెళ్లయిన కొత్తలో షారోన్ చేతిలో బొమ్మల పుస్తకం చూసి, "టీచరమ్మ అంటే ఏమో అనుకున్నం, ఇంక చిన్నపిల్లల బుద్ధులు పోలేదా?" అంది. అవే పుస్తకాలతో కొడుకు వీడియోలు మొదలుపెట్టాక, వచ్చినవాళ్లందరికీ ఫోన్ తెరిచి చూపిస్తుంది. "మావోడు ఎంత సదివిండో సూడుండ్రి" అంటుంది. షారోన్ వాళ్లకు చాయ్ ఇస్తుంది.

ఆ ఆదివారం చివర్లో సుకుమార్ గొంతు పెంచాడు. "వచ్చే వారం వజ్రదళం. ముప్పై ఏండ్ల కిందటి సూపర్‌హీరోల టీం. ఇప్పుడు చదవొచ్చా, వద్దా? ఒక్క ముచ్చట ముందే చెప్తున్న. అండ్ల చంద్రిక అని ఒకామె ఉంటది. ఆ కాలంలనే నలుగురు మొగోళ్ల ముంగట నిలబడి, 'ఇన్నాళ్లూ నేను విన్నాను కాబట్టి మీరు బతికారు. ఇప్పుడు నేను చెబుతాను, మీరు వినండి' అంటది. ఆ పేజీ మీకు చూపిస్త."

లైటు పట్టుకున్న షారోన్ పెదవులు అతనితో పాటే ఆ మాట పలికాయి. అతనికి ఆ మాట చెప్పింది ఆమే. పెళ్లయిన మొదటి నెలలో, తన దగ్గరున్నవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే అన్నట్టు చెప్పింది. చంద్రికది దూరపు మాటలు వినే శక్తి. దళంలో మిగతా నలుగురూ మగవాళ్లు. కొండలెత్తుతారు, నిప్పు చిమ్ముతారు. చంద్రిక చెవి దగ్గర వేలు పెట్టుకుని వింటుంది. అట్లాంటి మనిషి ఒకరోజు తిరగబడి ఆ మాట అంది. పెళ్లిచూపుల్లో "ఉద్యోగం మాన్పిస్తరు గదా" అని సుకుమార్ వాళ్ల పెద్దలు ఆమె బాపును అడిగితే, పక్కగదిలోంచి షారోన్ బయటికి వచ్చి "మాన" అన్నప్పుడు ఆమె వెనక చంద్రిక ఉంది. బడిలో కరస్పాండెంటు సెలవుల జీతం ఎగ్గొట్టబోతే, టీచర్లంతా తలలు వంచుకుంటే, ఆయన గదిలోకి నడిచి వెళ్లినప్పుడూ ఉంది. నలభై ఏళ్ల మనిషికి బొమ్మల పుస్తకం ఆసరానా అని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వనీ. ఆమెకు ఉన్న ధైర్యమంతా ఆ ఒక్క పేజీలోంచి తెచ్చుకున్నదే.

ఆ వారం రెండో శనివారం సెలవు. పుస్తకాల కోసం బస్సెక్కి పుట్టింటికి, చేవెళ్ల వెళ్లింది. తల్లి పెంటమ్మ వసారాలో కూర్చుని పక్క చేనువాళ్ల కొత్తిమీర కట్టలు కడుతోంది. బాపు స్వామిదాసు పోయి ఆరేళ్లయింది. ఆయన దవాఖానలో అటెండరుగా చేసేవాడు; పేషెంట్లు బల్లల మీద వదిలేసిన పుస్తకాలు సంచిలో వేసుకుని వచ్చేవాడు. వజ్రదళం పన్నెండు సంచికలూ అట్లా పోగైనవే. సాయంత్రాలు ఇదే వసారాలో పెంటమ్మా, ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ కట్టలు కడుతుంటే పదేళ్ల షారోన్ చదివి వినిపించేది. ముందు బైబిలు. పెంటమ్మకు అక్షరం రాదు గానీ వాక్యమంతా చెవిలో ఉండేది. ఒక్క మాట తప్పిపోయినా "మళ్ల చదువు" అనేది. ఆ తర్వాత వజ్రదళం. దీనికి తప్పు పట్టేవాళ్లు లేరు. బొమ్మ తిప్పి చూపిస్తే చాలు, "ఆ పొల్ల ఏమన్నది?" అని పెంటమ్మ అడిగేది. మిగతా ఆడవాళ్ల చేతులు ఒక్క క్షణం ఆగేవి.

షారోన్ రేకుపెట్టె తెరిచి పుస్తకాలు తీసింది. ఏడో సంచిక. గుహ, బయట వరద, లోపల నలుగురు మగవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. వెనక చంద్రిక. పైన ఒక చిన్న డబ్బాలో, 'చంద్రిక తాను విన్న సంగతి నాయకుడికి తెలియజేసింది.' పేజీ తిప్పింది. నాయకుడు మాట్లాడుతున్నాడు. ఇంకో పేజీ. ఇంకా నాయకుడే. సంచిక తప్పేమోనని ఎనిమిది తీసింది, ఆరు తీసింది, తర్వాత మొదటి నుంచి పన్నెండూ వరసగా తిరగేసింది. చంద్రిక మొత్తం మీద మూడుసార్లు "జాగ్రత్త" అంది, ఐదుసార్లు "అయ్యో" అంది. అంతే.

పుస్తకాలు మూసి పక్కన పెట్టింది. నేల మీద కూర్చుంది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. చంద్రిక తల పక్కన ఖాళీగా ఉన్న నీలం రంగు. ఎదురుగా వినడానికి ఆగిన నాలుగు జతల చేతులు. ఏం లేదని చెప్పడానికి మనసొప్పక, పుస్తకం తెలుగులో, గొంతు మార్చి, ఏదో ఒకటి అనేసేది. మరునాడు ఇంకొకటి. కొన్నాళ్లకు తాను అన్నదేదో అచ్చులో ఉన్నదేదో తనకే తేడా తెలియకుండా పోయింది. అయితే ఇన్నేళ్లూ నేను ఆనుకున్నది ఎవరి మీద? అక్కడ ఎవరూ లేరు గదా అనుకుంటే ఏడుపొచ్చింది.

ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అలవాటు కొద్దీ మళ్లీ చదివింది. బొమ్మలు మాత్రం ఎంత బాగున్నాయో. ఆ వరద గీసిన చెయ్యి మామూలు చెయ్యి కాదు. మగవాళ్ల పరాచికాలు పాచిపోయాయి. రాక్షసులందరూ నల్లగా, లావు పెదవులతో, చప్పిడి ముక్కులతో ఉన్నారు. అచ్చం తన బాపులా ఉన్నారు. చిన్నప్పుడు ఇది ఎట్లా కనబడలేదో ఆమెకు అర్థం కాలేదు.

సుకుమార్‌కు ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పింది.

"లేదంటే? నువ్వే గద చెప్పినవ్ ఉన్నదని."

"ఉన్నదనే అనుకున్న. నేనే అన్ననని యాది లేదు."

"సరే, ఏడ్వకు. ఇండ్ల ఫికర్ చేసేదేమున్నది? ఆ పేజీ చినిగిపోయిందని చెప్త. డైలాగ్ మాత్రం చెప్త, జనానికి మస్తు నచ్చింది. ఎవరన్న పుస్తకం తెచ్చి చూస్తరా ఏంది?"

"అది రాసినాయన అనలేదు సుకుమార్."

"ఆయన పేరు పెరుగుతది, పెరగనియ్యి. మనకేం పోతది? మాట మంచిగున్నది, ఎవలదైతే ఏంది?"

నిజంగానే ఓదార్చడానికే అన్నాడు, గొంతులో ప్రేమే ఉంది. షారోన్ "మళ్ల చేస్త" అని పెట్టేసింది. ఎవలదైతే ఏంది. నాలుగు పేజీల చొప్పున వంద వారాలు, ఎవలదైతే ఏంది. ఇప్పటిదాకా ఇచ్చినవన్నీ అడిగితే ఇచ్చింది, కొన్ని అడగకుండా ఇచ్చింది. ఈ ఒక్క మాట కూడా ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ఖాతాలో, మొగుడి నోటితో, పన్నెండు వేల మంది ముందు జమైపోతుంది. పదేళ్ల పిల్ల నోట్లోంచి వచ్చిన మాట.

ఏడో సంచిక పట్టుకుని వసారాలోకి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. పెంటమ్మ కూతురి కళ్లు చూసింది. ఏమైందని అడగకుండా ఒక గుప్పెడు కొత్తిమీర ముందుకు తోసింది. షారోన్ ఒక కట్ట కట్టి, "అవ్వా, నీకు అబద్ధం చదివిన" అంది. పుస్తకం తెరిచి చూపించింది. "చంద్రిక అన్నదని చెప్పిన మాటలు, ఇండ్ల ఒక్కటి గూడ లేవు. అన్ని నేనే కల్పించిన."

"నాకు ఎరుకే బిడ్డా."

"నీకు చదువు రాదు గదా?"

"చదువు రాకపోతే కండ్లు లేవా?" పెంటమ్మ ఆకు అంటిన వేలు నాయకుడి బొమ్మ మీద పెట్టింది. "మాట్లాడెటోని మూతికాడ తెల్లగ గుండ్రంగ ఉంటది, దానికో తోక ఉంటది. ఈ పొల్ల మూతికాడ ఎప్పుడో గాని లేకపాయె. నువ్వేమో గడగడ చదువుతుంటివి."

షారోన్ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "మరి ఏమన్నది, ఏమన్నది అని అడుగుతుంటివి గదా?"

"నువ్వు ఏమంటవో ఇందామని." పెంటమ్మ దారం పళ్లతో తెంపింది. "మీ బాపు ముంగట నోరిప్పకపోదువు, మీ నాయనమ్మ ముంగట ఇప్పకపోదువు. కడుపుల ఏమున్నదో ఎట్ల తెల్వాలె నాకు? ఆ పుస్తకం పట్టుకుంటెనే మాట్లాడుదువు. వాళ్లు ముగ్గురు గూడ అందుకే వస్తుండిరి. నీకు ఎరుకలేదా?"

ఎరుక లేదు. ముప్పై ఏళ్లు ఎరుక లేదు. ఆమె ఆనుకున్న చోట ఎవరూ లేకపోవడమేమిటి, అక్కడ ఉన్నది తానే. షారోన్‌కు మళ్లీ ఏడుపొచ్చింది గానీ ఈసారి ముఖం తిప్పుకోలేదు.

కాసేపటికి లేచి ముఖం కడుక్కుంది. ఫోన్ తీసి గంప అంచుకు ఆనించి, ఎదురుగా కూర్చుంది. రాసుకున్నదేమీ లేదు. పక్కన పెంటమ్మ కట్టలు కట్టడం ఆపలేదు.

"నా పేరు షారోన్. వజ్రదళం ఇప్పుడు చదవొచ్చా అంటే, చదవొచ్చు. బొమ్మల కోసం చదువుండ్రి, ఏడో సంచికల ఆ వరద కోసం చదువుండ్రి. నల్లగున్నోళ్లందరిని రాక్షసులను చేసిన్రు. పిల్లలకు ఇచ్చేటప్పుడు అది తప్పని చెప్పి ఇయ్యుండ్రి. చంద్రిక కోసమైతే వద్దు. ఆమెను పన్నెండు పుస్తకాలల్ల 'జాగ్రత్త', 'అయ్యో' తప్ప ఒక్క మాట గూడ మాట్లాడనియ్యలే. పోయినవారం మీరు విన్న మాట ఇండ్ల లేదు. పదేండ్లున్నప్పుడు, మా అవ్వ అడిగితే, ఈ వసారల కూసోని నేను అన్న. అది నాది."

సుకుమార్‌కు పంపించింది. పది నిమిషాలకు ఫోన్ మోగింది. అతని గొంతు మెల్లగా ఉంది. "బాగుంది. నిజంగ బాగుంది షారోన్. కని ఇది పెడితే… ఇన్ని రోజులు నేను చెప్పినవన్ని గూడ నువ్వే రాసినవని అందరికి తెలుస్తది గదా?"

"తెలుస్తది," అంది షారోన్.