బడేబీ రంగుల గోడ

ఫకీర్ మహమ్మద్ మొండిఘటం. కొత్తవాడ అవతల మూతబడ్డ జంపఖానాల కార్ఖానా జాగాలో కింద దుకాణాలు, మీద ఇళ్లు, నడుమ పిల్లల మైదానం కడతామని బోర్డు పాతిన నాటి నుంచి రోజూ అక్కడే తచ్చాడుతున్నాడు. డెబ్భై రెండేళ్ల మనిషికి ఆ దుమ్ములో ఏం పని మామా అని అడిగి అడిగి కోడలు ఫర్జానా నోరు నొప్పి పుట్టింది గానీ ఈయన వింటేనా!

పనేముంది, గోడ! కార్మికుల క్వార్టర్లలో చివరి ఇంటి వెనక గోడ. ఆ ఇంట్లో ఉంటూ ముప్పై ఏళ్లు నూలుకు రంగులద్దాడు ఫకీర్. రంగు కుదిరిందో లేదో తొట్టి దగ్గర తేలదు, ఆరాకే దాని బండారం బయటపడుతుంది. అందుకని నూలు ముంచే ముందు గిన్నెడు రంగు ఇంటికి తెచ్చేవాడు. భార్య బడేబీ సున్నం గోడ మీద వేలితో ఒక గీత గీసి, ఎండలో ఆరేదాకా చూసి, జర ఎరుపు తక్కువైంది అంటే తక్కువైనట్టే. మేస్త్రీ కూడా ఆమె మాటకు ఎదురాడేవాడు కాదు.

ఆమె పోయి పదకొండేళ్లు. ఫోటో అంటే మొహం తిప్పుకునే మనిషి, ఒక్కటీ దిగలేదు. మిగిలినవి ఆ గీతలే. వాటిని చూడని రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు.

అక్కడ లేవబోయే కట్టడాలకు నియమాలు రాసే సుమయ్యా హన్మకొండ పిల్లే. ఆ గోడ చూసి నోరెళ్లబెట్టింది. గోడను కదపరాదు, కొత్త ఇళ్లకు దాని మీది రంగులే వేయాలి అని నియమాల్లో రాసింది. ఒక్కటే షరతు, కింద నేల శుభ్రంగా ఉండాలి. కార్ఖానా రంగునీళ్ల విషం ఇంకిన మట్టి ఎక్కడుంటే అక్కడ నిలువులోతు తవ్వి లారీలకు ఎత్తాల్సిందే. పాత నక్షా పట్టుకుని తొట్ల దగ్గరా కాలువ వెంటా మట్టి తీసి పరీక్షకు పంపారు. గోడ పక్కన నక్షాలో ఏమీ లేదు, అటు ఎవరూ పోలేదు. ఆ రోజు ఫకీర్ సంబరం చూడాలి, ఫర్జానాకు అదే సంగతి పదిసార్లు చెప్పాడు.

మర్నాడు సుమయ్యా కాగితం మీద బొమ్మ చూపించింది. గోడ ముందు ఇసుక, ఇసుకలో ఉయ్యాలలు, పక్కనే పిల్లలకు మంచినీళ్ల బోరు. బోరు గుర్తు చూడగానే ముసలాయనకు పాత చేతిపంపు గుర్తొచ్చింది.

మిగిలిన రంగునీళ్లు, తేజాబు అనే యాసిడ్ నీళ్లు దూరంగా ఉన్న గుంతలో పోయాలని కార్ఖానా కట్టుబాటు. జుమ్మేరాత్ నాడు, అంటే గురువారం మాత్రం, బడేబీ తీపి మలీదా చేసి, పోయిన పెద్దల పేరిట ఫాతెహా చదవడానికి ఈయన కోసం కూర్చునేది. అంత దూరం గుంత దాకా బకెట్లు మోయడానికి ఓపిక ఎక్కడిది? ఇంటి వెనకే గోడ పక్కన చిన్న గుంత తవ్వి అందులో గుమ్మరించి, చేతులు కడుక్కుని గబగబా ఇంట్లోకి నడిచేవాడు. ముప్పై ఏళ్ల గురువారాలు! తాగే నీళ్ల చేతిపంపు అక్కడికి పదడుగులు. బడేబీ కిడ్నీలు పాడైనప్పుడు దవాఖానలో డాక్టరు ఏం నీళ్లు తాగుతారని అడిగితే, నల్లా నీళ్లే అని అబద్ధమాడాడు.

ఆ గుంత ఎరిగినవాళ్లలో బతికున్నది తనొక్కడే. నోరు మూసుకుంటే గోడ నిలుస్తుంది. రెండు రోజులు మూసుకున్నాడు కూడా. శుక్రవారం నమాజు ముగించుకుని తిన్నగా వచ్చి, గోడ పక్కన నేల మీద చేతికర్ర ఆనించాడు.

“బేటీ, ఈడ తవ్వియ్యి.”

“ఈడ తవ్వితే గోడ ఆగదు చాచా,” అంది సుమయ్యా.

“ఎరుకే బిడ్డా.”

రెండడుగులకే మట్టి ఊదారంగులో లేచింది. ఘాటుకు కూలీలు ముక్కులు మూసుకున్నారు. మట్టి శుభ్రం చేయించే ఇంజినీరు శ్యాంసుందర్, ఇదంతా ఎవడు పోసిండని కసిరాడు.

“నేనే సారు. ఇంటికాడ ఎదురుచూస్తాంటదని, జల్ది పోదామని పోసిన. ఆ నీళ్లే తాగింది ఆమె.”

శ్యాంసుందర్ నక్షాలో ఆ చోటుకు గుర్తు పెట్టి, గోడ తీయక తప్పదన్నాడు. గోడను ఫోటోలు తీసి, రంగులన్నీ నియమాల్లో ఉంచుతానని సుమయ్యా మాటిచ్చింది. కింద బడేబీ పేరు రాయమని, తన పేరు మాత్రం వద్దని చెప్పాడు ఫకీర్.

సోమవారం పొద్దున జేసీబీ వచ్చింది. ఇంట్లో ఉండమని ఫర్జానా బతిమాలినా ఆగలేదు, గోడకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. రోజూ వచ్చి ఆ గీతలతో ఎన్నో కబుర్లు చెప్పుకున్న మనిషి, ఒక్క మాట మాత్రం పదకొండేళ్లుగా గొంతులోనే దాచుకున్నాడు. గోడ ఒరిగేటప్పుడు అది అన్నాడు.

“మాఫ్ చెయ్యి, బడేబీ.”