నాలుగో మెషిన్‌కు పెట్టిన బొట్టు

కొరియర్ నాలుగింటికి వస్తాడు. సీడీ కవరులో పెట్టి ఉంది. నేను రాసిన నోటుబుక్కు చూసి నరసింహమూర్తి సార్ సంతకం పెట్టడమే మిగిలింది.

మాదాపూర్‌లో మా ఆఫీసు మూడు గదులు. ఒక గదిలో ఆరు కంప్యూటర్లు, ఏ రెండూ ఒక్కలాంటివి కావు. కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే ప్రోగ్రాము కెర్నెల్. ఎక్కువ మెమరీని వాడుకునే కొత్త భాగం ఒకటి ఉదయశ్రీ అక్క అందులో రాసింది. అది ఎలాంటి మెషిన్ మీదైనా ఆగకుండా నడవాలి. పొద్దున్నే ఆరింటినీ ఆన్ చేసి, మెమరీ ఎంతుందని తెర మీద కనబడే అంకెనూ, పరీక్షలో పాసా ఫెయిలా అన్నదీ రాయడం నా పని. నా పదో తరగతి అయ్యాక, ఇక్కడ అటెండర్‌గా ఉన్న మల్లయ్య మామ ఇప్పించాడు.

ఆ భాగం ఉన్న ఈ సీడీ కొరియర్‌లో వెళ్తే అక్క ఉద్యోగం పర్మినెంట్ అవుతుంది. ఆ కాగితం సార్ సొరుగులో ఉందని అందరికీ తెలుసు.

"ఏమ్మా స్వరూపా, అన్నీ పాసేనా?" అన్నారు సార్.

తలూపాను.

"నోరు ఇంటిదగ్గరే పెట్టి వచ్చారాండీ?" అని నవ్వుతూ పేజీలు తిప్పారు.

నాలుగో మెషిన్ వరుస మీద నా కన్ను ఆగింది. దసరాకు ముందు 262144. తర్వాత పదకొండు రోజులూ 131072. సరిగ్గా సగం. రోజూ నా చేత్తోనే రాశాను. ఎందుకని ఒక్కరినీ అడగలేదు.



ఆయుధపూజ నాడు అందరూ కంప్యూటర్లకు పైన బొట్లు పెట్టారు. మా ఊళ్ళో నాయిన ట్రాక్టరు బానెట్ ఎత్తి ఇంజినుకే పెడతాడు. నాలుగోదాని మూత తీసే ఉంది. మనది మెమరీ పనే కదా అని, లోపలున్న రెండు మెమరీ పలకల్లో ఒకదానికి గంధం, కుంకుమ పెట్టాను. గంధం పలచనై కిందికి కారితే చున్నీతో తుడిచాను.

అంత మెమరీ ఉన్నది ఆ ఒక్కదానికే. అక్క రాసింది పనిచేసేదీ అంత ఉన్నప్పుడే. అంటే పదకొండు రోజులుగా మేం దాన్ని పరీక్షించనే లేదు.

సార్ పెన్ను మూత తీశారు.

"సార్, జర ఆగుండ్రి!"

ఆ గొంతు నాదేనా అనిపించింది. మొత్తం చెప్పేశాను.

"మెమరీకి బొట్టేంటమ్మా!" సార్ పెన్నుకు మళ్ళీ మూత పెట్టారు.

అక్క మెషిన్ ఆపి పలక లాగింది. అడుగున బంగారు రంగు గీతల మీద గంధం ఎండి గట్టిపడి ఉంది.

"నీ రబ్బరివ్వు."

పెన్సిల్ గీతలు చెరిపే నా రబ్బరుతోనే రుద్ది, మళ్ళీ పెట్టి ఆన్ చేసింది.

262144.

పరీక్ష మొదలైంది. మూడో నిమిషంలో తెర బిగుసుకుపోయింది. అక్క మీటలు నొక్కింది. ఒక్క అక్షరమూ కదల్లేదు.

గుమ్మంలో మల్లయ్య మామ, "కొరియరాయన వచ్చిండు సార్" అన్నాడు.

"ఇవాళ లేదని చెప్పు."

సార్ సొరుగు తెరిచి, అక్క కాగితం మీద సీడీ పెట్టి మూసేశారు.



"ఇంకా ఎక్కడైనా పెట్టావా బొట్టు?" అంది అక్క తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"లేదక్కా. ఒట్టు."

"అయితే తప్పు నేను రాసినదాంట్లోనే ఉంది. నాలుగోదాని వరుస కొట్టెయ్. పదకొండూ."

పెన్ను తీశాను. నోటుబుక్కు కదలకుండా అక్క అంచు పట్టుకుంది. నేను ఒక్కొక్క 'పాస్' కొట్టేస్తూ పోయాను.