సూరీడమ్మ పట్టిన సీటు

రోహిణీకార్తె ఎండ మిన్నును మన్నును ఏకముచేసి కాల్చుచుండగా ఎండిన ఏటి ఇసుకతిన్నెలపైనుండి వీచు వడగాలి సంతతోపులోని చింతాకును రాల్చుచు బేరగాండ్ర గొంతుకలను సైతము ఎండగట్టుచున్న యొక ఉదయమున, ప్రొద్దు బారెడైనను ఎక్కకమునుపే, భూలోకమను నామధేయముగల గాజులవర్తకుడు తన ముసలిస్కూటరును చెట్టునీడ నిలిపి దిగి నడుముపై చేయివైచి నిట్టూర్చెను. వెనుకనుండి దిగిన అతని భార్య సూరీడమ్మ నిట్టూర్పైనను విడువలేదు. గడచిన సంతనాటినుండి ఆమె మగనితో మాటాడుట మానివైచెను.

ఆ స్కూటరు సీటు క్రింది గూటిలో గాజులపెట్టెలు చక్కగా ఇముడును గాని ఎత్తిన సీటు ఎత్తినట్లు నిలువదు. దానిని నిలుపవలసిన స్ప్రింగు ఏనాడో ప్రాణములు విడిచెను. కావున ఏ సంతకేగినను సూరీడమ్మ దక్షిణహస్తమున సీటు నెత్తిపట్టి నిలువగా భూలోకము గూటిలోనికి తలదూర్చి పెట్టెలను వెలికి దీయుచుండును. పిమ్మట బేరమునకు ముందుగా ఒక గాజును ఆలిచేతికి తొడిగి ఆ తరువాతనే పరులచేతులు పట్టుట అతని తాతలనాటి ఆచారము.

గడచిన సంతలో ఎవరో పిలిచిరని సూరీడమ్మ ముఖము త్రిప్పినంతనే చెమర్చిన చేయి జారి సీటు భూలోకము నడినెత్తిపై పడెను. అతని చేతిలోని పెట్టె నేలగూలి గాజులన్నియు తుమురుతుమురయ్యెను. చుట్టునున్న ఆడువారందరు వినుచుండగా అతడు మండిపడి "నీ సేతిలో ఏటి నిలిసింది గనక!" అని కసరెను. నడక నేర్వని పసివాడు ఒడిలోనే కన్నుమూయగా చూచిన తల్లిని అనదగిన మాటయా అది? మాట పెదవి దాటిన క్షణముననే భూలోకమునకు తన తప్పు తెలిసివచ్చెను. ఆనాడు సూరీడమ్మ గాజునకు చేయి చాపలేదు. ఇంటికి వచ్చి అన్నము వడ్డించెను, అంతియే.

పదిమందిని మాటలతో మెప్పించి గాజులు తొడుగు ఆ మహానుభావునకు ఆలితో తప్పైనదని చెప్పుటకు మాత్రము నోరు పెగలలేదు. నోటితో కాని పనిని స్కూటరుతో సాధింపనెంచెను. వెదురుకర్ర నానించిచూడగా అది గాలికి పడిపోయెను. సైకిలుట్యూబుతో దూలమునకు లాగి కట్టగా అది మెల్లమెల్లగా సాగి సీటును అతని వీపుపై దింపెను. బొప్పిమీద బొప్పికట్టి విసిగి వేసారి మెకానిక్కుకడకు పోగా అతడు "స్ప్రింగు సచ్చిపోనాది మావా, ఈ బండికి మరి దొరకదు. కడ్డీ ఏసిత్తానుండు" అని ఇనుపకడ్డీ నొకదానిని వంచి బిగించెను. దానిని కొక్కెమున తగిలించినంతనే సీటు బండరాతివలె నిలిచెను. ఆలిచేతికి ఇంక శ్రమ తప్పెననియు అది చూచి ఆమె మనసు కరగుననియు భూలోకము తలపోసెను.

కావున నేడు చెట్టునీడను ఏమియు పలుకక సీటెత్తి కడ్డీ తగిలించెను. అలవాటుచొప్పున లేచిన సూరీడమ్మ చేయి నిలిచియున్న సీటును చూచి గాలిలోనే ఆగిపోయెను. అన్నిదినముల మౌనమును విడిచి ఆమె పలికిన పలుకిది.

"ఇంక నాతో పనేటుంది? మా అన్న ఊరెల్లిపోతాను. ఒచ్చే సంతకి నువ్వొక్కుడివే రా."

పలికి చేతిసంచి చంకకెత్తుకొని బస్సులు ఆగు దారివైపు నడచెను. ఒకటి తలచిన మరియొకటి అయ్యెనే యని భూలోకము ఆమె వెనుక రెండడుగులు వేసెను. ఆమె బస్సెక్కిన మరల రాదని అతనికి తెలియును.

"ఓలె! ఆగే!" అని ఎలుగెత్తగా సంత యంతయు తిరిగిచూచెను. సూరీడమ్మ ఆగి "అందరూ సూత్తన్నారు" అనెను.

"సూడనీ. తిట్టినప్పుడూ ఇన్నారు గదా. నీ సెయ్యి నొప్పెడతందని కడ్డీ ఏయించినానే, నువ్వొద్దని కాదు. నిలవంది నీ సెయ్యి కాదు, నా నోరు. బుడ్డోడు నీ సేతిలోంచి జారిపోనేదు. నాను పక్కనే ఉన్నాను. డాట్రమ్మ ఒచ్చి ఇయ్యమన్నా నువ్వు ఆడిని ఒగ్గనేదు."

దుమ్ము రేపుకొనుచు వచ్చిన బస్సు నిలిచి ఎక్కువారినెక్కించుకొని పోయెను. సూరీడమ్మ కొంగుతో ముఖము తుడుచుకొని అలసిన అడుగులతో మరలివచ్చి స్కూటరుప్రక్క నిలిచి ఎడమచేయి చాపెను. భూలోకము గాజును దీసి తొడుగబూనగా కన్నులు చెమర్చి ఆమె వ్రేళ్లు కానరాక తడబడెను. ఎండ చెట్టుసందులనుండి దిగి కడ్డీపై మెరయుచుండెను. సీటు తనంత తానే నిలిచియుండెను. అయినను సూరీడమ్మ కుడిచేతితో దాని అంచును పట్టియే యుండెను.