రజనీకుమారి సన్మానం

ఉక్కు కార్ఖానాలో కరిగిన లోహం నిండిన లాడిల్‌ని ఎత్తే క్రేను నడుపుతుంది రజనీకుమారి. మనవాళ్ళలో ఆ పని చేసే ఆడమనిషి ఆమె ఒక్కతే అని భిలాయి తెలుగు సంఘంవాళ్ళు ఆదివారం పొద్దున సెక్టర్ 2లో సన్మానం పెట్టారు. భర్తనీ కూతురు కృష్ణప్రియనీ వెంటబెట్టుకుని వచ్చిందామె.

సంఘం అధ్యక్షుడు తిరుమలరావు కార్ఖానాలో ఆమె షిఫ్టు ఇన్‌ఛార్జి కూడా. మైకు పట్టుకుని, భర్త చిన్నారావుగారు సహకరించారు, అనుమతిచ్చారు, త్యాగం చేశారు అన్నాడు. ఆయన మాటల్లో రజనీకుమారి మాత్రం చేరింది, నేర్చుకుంది, ఎక్కింది. గేదె వచ్చినా, వాన వచ్చినా, రజనీకుమారి వచ్చినా మన భాషకి ఒకటే 'వచ్చింది'. పోనీ, భాష చేసిన పాపం అనుకుందాం. ఒక్క 'గారు' తగిలించి 'ఎక్కారు' అంటే ఈయన నోరేం అరిగిపోతుంది? ఆమెకి ఒళ్ళు మండింది. అయినా ఓర్చుకుంది.

పరాయి మగవాడు ఆడవాళ్ళకి శాలువా కప్పకూడదని సంఘంలో ఆనవాయితీ. భర్తకి శాలువా, భార్యకి బొట్టూ జాకెట్టు గుడ్డా. తిరుమలరావు శాలువా విప్పి చిన్నారావు భుజాల మీద కప్పాడు. కోహ్కాలో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుకునే చిన్నారావు డాబా ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషి. నవ్వుతూ ఫోటోకి నిలబడ్డాడు. వేదిక కింద కృష్ణప్రియ తండ్రిని చూసి చప్పట్లు కొట్టింది. రజనీకుమారి ఇక ఆగలేకపోయింది.

"క్రేను నేను కదా నడుపుతున్నాను, శాలువా ఆయనకేటి?"

"ఆయనకేసినా నీకేసినట్టే కదమ్మా" అని నవ్వేశాడు తిరుమలరావు.

మధ్యాహ్నం డ్యూటీ ఉంది కాబట్టి ఆమె పర్సులో మెడలో వేసుకునే గేటు పాసు ఉంది. దాన్ని తీసి, భర్త మెడలో శాలువా మీదుగా వేసింది.

"అయితే బి షిఫ్టుకి ఆయన్నే ఎక్కించండి. ఆయనెక్కితే నేనెక్కినట్టే."

తిరుమలరావు తడబడి, ఆమెకి తన భార్య చేత శాలువా కప్పిస్తానన్నాడు. రోజూ పనికి పిలిచేది మీరు, మీరే కప్పండి అంది రజనీకుమారి. ఆయన జనం వంక చూశాడు, శాలువా వంక చూశాడు, చేయి కదపలేదు. ఆమె మెట్లు దిగి, కూతురి చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

షిఫ్టు వేళయ్యేసరికి తిరుమలరావు ఫోను మీద ఫోను చేశాడు. లాడిల్ నిండిపోయిందట, ఎత్తే మనిషి లేదట. కోపం ఏ కొంచెమూ తగ్గని గొంతుతో ఆమె చెప్పింది.

"శాలువా కప్పుకున్నాయన కొట్లో ఉన్నారు. అడగండి."