నూట యాభై పదాల్లో

మూడో పిల్ల కాలికి గజ్జె కట్టేసరికి ఆరయింది. నాలుగోవాడు కట్టించుకోనని కాళ్లు తన్నుతున్నాడు. మణెమ్మ వాడి మడమను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నల్లదారానికి గుచ్చిన చిన్న ఇత్తడి గజ్జెను రెండు ముళ్లు వేసి బిగించింది. మూడు వేస్తే సాయంత్రం వాళ్లమ్మ విప్పలేక దారం కోసేస్తుంది. ఒక్కటే వేస్తే వాడే విప్పి నోట్లో పెట్టుకుంటాడు.

గూడూరు దాటి అడవి వైపు పోయే దారిలో రేకుల కప్పున్న ఆ ఒక్క గదే పిల్లల కేంద్రం. వెనక నలభై అడుగుల దూరంలో గట్టు కట్టని వ్యవసాయ బావి. తెల్లారకముందే ఊరి ఆడవాళ్లు ఆటోల్లో కిక్కిరిసి పత్తి ఏరడానికి పోతారు, జనవరి వస్తే మిరప ఏరడానికి. పిల్లలు ముప్పై ఒక్కమంది, చూసేది ఇద్దరు. కన్ను ఒకవైపు ఉన్నప్పుడు చెవి రెండోవైపు పనిచేయాలని మణెమ్మ ఈ గజ్జెల పద్ధతి పెట్టుకుంది. చప్పుడు దూరమైతే లేచి ఉరుకుతుంది. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు, మోకాళ్లు అరిగాయి, అయినా ఉరుకుతుంది.

పదమూడేళ్ల కిందట ఆమె కూడా కూలి మనిషే. తోటి కూలి గంగి రెండేళ్ల కొడుకు ఆ బావిలో తేలిన రోజు ఆమె పక్క చేనులో పత్తి ఏరుతోంది. మర్నాడు పనికి పోలేదు. నలుగురు పిల్లలను తన ఇంటి ముందు కూర్చోబెట్టుకుని కాపలా కాసింది. తర్వాత ఊరి పెద్ద రైతు రఘునాథ్ ఒక సొసైటీ పెట్టి, ఆ గది ఇచ్చాడు. ఎక్కడో పైదేశం సంస్థ ఒకటి ఏటేటా డబ్బు పంపింది. ఆ సంస్థ మొన్న ఆగస్టులో ఉత్తరం రాసింది, డిసెంబరుతో ఆపేస్తున్నామని. కొత్త దాతలు దొరక్కపోతే జనవరిలో గదికి తాళం పడుతుంది. సరిగ్గా మిరప ఏరే రోజుల్లో.

"మైసమ్మా, దర్వాజ కాడనే కూసో. ఉప్మా దించినంక గంజు మీద మూత పెట్టుడు మర్వకు," అంది మణెమ్మ, చెప్పులు వేసుకుంటూ.

వంట చేసే మైసమ్మ పొయ్యి ఊదుతూనే అడిగింది. "మూడ్దినాల సంది మానుకోట పోతున్నవ్. గాడ ఏం నేర్పుతుండ్రు?"

"అడుక్కునుడు. కొత్త తీరుగ."

మానుకోట బస్సులో సీటు దొరకలేదు. నిలబడే పోయింది. ఫంక్షన్ హాలు మీది అంతస్తులో, కొత్త దాత సంస్థకు కంప్యూటరులో ఫారం నింపడం మీద శిక్షణ. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి చిన్నాచితకా సంస్థల వాళ్లు ఇరవైమంది వచ్చారు. అందరి ముందూ లాప్‌టాప్‌లు. మణెమ్మ ముందు మాత్రం సొసైటీ పాత కంప్యూటరొకటి, రఘునాథ్ సారు మోటారు సైకిలు మీద పంపించింది. అది తెరుచుకోవడానికే పావుగంట తింటుంది. దాన్ని చూస్తే మణెమ్మకు ఒళ్లు మండుతుంది.

నిజానికి రాతపని ఆమెకు కొత్త కాదు. పదో తరగతి పాసైంది. ఊళ్లో ఎవరికి పింఛను కావాలన్నా, రేషన్ కార్డు కావాలన్నా, అర్జీ మణెమ్మే రాయాలి. గుండ్రని అక్షరాలు, కొట్టివేతలు ఉండవు. అందుకే రఘునాథ్ సారు ఈ పని ఆమె నెత్తిన పెట్టాడు. "ఊరందరికి రాస్తవు గదా, గిది గూడ గంతే," అన్నాడు. ఆమె కూడా గంతే అనుకుంది. మొదటి రోజుకే నాలుగు పేజీల అర్జీ రాసుకుని పోయింది. 'దయగల అయ్యగారి దివ్యసముఖమునకు వ్రాసుకొను విన్నపము ఏమనగా, మేము బీదవారము, తమరే మాకు దిక్కు' అని మొదలు. కింద ముప్పై ఒక్కమంది పిల్లల తల్లుల వేలిముద్రలు. పొద్దున ఆటో ఎక్కబోతున్న ఒక్కొక్కరినీ ఆపి, ఊదారంగు సిరా బొటనవేలికి రాసి, తీసుకున్నవి.

శిక్షణ ఇచ్చే స్పందన హైదరాబాదు నుంచి వచ్చింది. ముప్పై కూడా ఉండవు. ఆ కాగితాలను రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా చదివింది.

"అక్కా, చాలా శ్రద్ధగా రాశారు. కానీ మనం అడుక్కోవడం లేదు. పని చూపిస్తున్నాం. ఈ వేలిముద్రలు పెట్టడానికి ఫారంలో చోటు కూడా లేదు. ఒక్కో గడిలో నూట యాభై పదాలు, అంతే."

వేలిముద్రలకు చోటు లేని కాగితం కూడా కాగితమేనా అని మణెమ్మకు ఆ రోజంతా గుండెలో మంట. అడుక్కోవద్దంటారు. అడుక్కోకుండా ఇచ్చినవాడిని ఈ నలభై ఎనిమిదేళ్లలో ఆమె చూడలేదు.

ఈ రోజు ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు ఫారం దానంతటదే మూసుకుంటుందట. ఎవరి ఫారం వాళ్లు నింపుతున్నారు. మణెమ్మ ఒక వేలితో అక్షరాలు వెతుక్కుంటూ సమస్య అనే గడి దగ్గరికి వచ్చింది. గత మూడేళ్లలో మీ కేంద్రం పరిధిలో పిల్లలకు జరిగిన ప్రమాదాలెన్ని అని అడిగారు. 'లేవు' అని కొట్టింది. ఆమెకు గర్వంగా కూడా అనిపించింది.

స్పందన వెనక నిలబడి చూసి నెమ్మదిగా అంది. "అక్కా, ప్రమాదాలే లేకపోతే, సమస్య ఏముందని అనుకుంటారు చదివేవాళ్లు."

"లేవంటే, మేం ఉన్నం గనుక లేవు మేడం."

"అది నాకు అర్థమైంది. వాళ్లకు అర్థం కావాలిగా."

"జరగకుండ జేసినదాన్కి లెక్క ఎట్ల జూపెట్టాలె? ఒగ పోరన్ని బాయిల పడనియ్యాల్నా?"

హాల్లో కొందరు తలలు తిప్పి చూశారు. మణెమ్మ గొంతు ఎప్పుడు పెరిగిందో ఆమెకే తెలియలేదు. పదమూడేళ్లు చేసిన పనికి ఫలితం సున్నా, ఆ సున్నాకు ఇక్కడ విలువ లేదు. లేచి వెళ్లిపోదామనుకుంది. బస్సు మధ్యాహ్నం దాకా లేదు.

స్పందనకు కోపం రాలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "మీలాంటి కేంద్రం లేని ఊరు పక్కన ఏదైనా ఉందా? అక్కడి సంగతి కనుక్కోండి. పక్కపక్కన పెట్టి చూపిద్దాం."

మణెమ్మ పక్కనున్న తండా వార్డు మెంబరు ప్రేమ్‌సింగ్‌కు ఫోన్ చేసింది.  అతను ఒక్కొక్క పేరే చెప్పాడు. ఒక పిల్లవాడు బావి. ఒక పిల్ల చేనుకాడ పురుగుమందు డబ్బా. ఇంకొక పిల్ల పొయ్యి. మూడేళ్లలో ముగ్గురు. ఆమె ఆ పేర్లు, తండ్రుల పేర్లు కాగితం మీద గుండ్రంగా రాసుకుని, గడిలో ఎక్కించడం మొదలుపెట్టింది.

"పేర్లొద్దక్కా. సంఖ్య చాలు," అంది స్పందన.

మణెమ్మ పేర్లు చెరిపి మూడు అని కొట్టింది. చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చుంది.

కానీ పట్టు దొరికింది. ఆ తర్వాత ఆమె రాసిన తీరుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. దయ, దిక్కు, బీదవారము అన్నీ పోయాయి. పొద్దున ఎన్నింటికి తెరుస్తారు, గజ్జె ఎందుకు కడతారు, పిల్ల భద్రంగా ఉంటే తల్లి ఎన్ని రోజులు పనికి పోగలుగుతుంది, అన్నీ వచ్చాయి. నూట యాభైకి ఒక్క పదం ఎక్కువ కాలేదు. స్పందన దాన్ని పెద్ద తెర మీద వేసి అందరికీ చదివి వినిపించింది. జనగామ నుంచి వచ్చిన కుర్రవాడొకడు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. మణెమ్మకు మూడు రోజుల్లో మొదటిసారి అన్నం సహించింది.

మూడున్నరకు ఆఖరి పేజీ తెరుచుకుంది. సిబ్బంది. కేంద్రం నిర్వాహకురాలు ఒకరు, డిగ్రీ తప్పనిసరి. ఆయా ఒకరు, చదువు అవసరం లేదు. అంతే. నిర్వాహకురాలి గడిలో మణెమ్మ తన పేరు కొట్టి, చదువు దగ్గర పదో తరగతి అని పెట్టింది. గడి చుట్టూ ఎర్రగీత వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఎరుపే.

"ఇది వాళ్ల నిబంధనక్కా," అంది స్పందన. ఈసారి ఆమె మొహం కూడా చిన్నబోయింది. "నేను నిన్న ఫోన్ చేసి కూడా అడిగాను. ఒప్పుకోలేదు. ఆ గడిలో 'డిగ్రీ ఉన్నవారిని నియమిస్తాం' అని పెడితేనే ముందుకు పోతుంది."

మణెమ్మ మెట్ల మీదికి పోయి రఘునాథ్‌కు ఫోన్ చేసింది.

"ఏదో ఒకటి నింపు మణెమ్మా," అన్నాడాయన. "ముందుగాల్ల మంజూరు కానియ్. నీ సంగతి తర్వాత జూద్దం."

లోపలికి వచ్చి కూర్చుంది. ఇంకా ఆయా గడి ఉంది. దానికి ఎర్రగీత లేదు. తన పేరు రాస్తే మైసమ్మ పోవాలి. మైసమ్మకు వెనకాముందూ ఎవరూ లేరు, ఒక కన్ను సరిగ్గా ఆనదు, చేనులోకి ఎవరూ పిలవరు. అది నిజమే. ఇంకొక నిజం కూడా ఉంది. తాను నిలబెట్టిన గదిలో, నిన్న మొన్నటి పిల్ల ఎవరో వచ్చి పని చెబుతుంటే ఆయానని నిలబడడానికి మణెమ్మకు మనసొప్పలేదు. జాలి ఎంతో, పంతం ఎంతో ఆమె తూచుకోలేదు. కోపంతోనే ఒక్కొక్క అక్షరం పొడుస్తూ మైసమ్మ పేరు కొట్టింది. గడి పచ్చగా మారింది. నాలుగు గంటల నలభై నిమిషాలకు ఫారం వెళ్లిపోయింది.

డిసెంబరు నెలాఖరుకు మంజూరైనట్టు ఉత్తరం వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు మణెమ్మను చుట్టుకున్నారు. రఘునాథ్ శాలువా కప్పాడు. తర్వాత చూద్దామన్నది మాత్రం ఎవరూ చూడలేదు.

జనవరి రెండో తారీఖున గార్ల నుంచి గ్రేస్ వచ్చింది. సోషల్ వర్కులో డిగ్రీ చేసిన ఇరవై నాలుగేళ్ల పిల్ల. మంచిది, చెప్పింది వింటుంది. అదే మణెమ్మకు కష్టమైంది. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని పోయేది.

"నీకు రెండు ముళ్లు ఎయ్యొచ్చునా?" అని అడిగి, ఆ పిల్ల చేత నాలుగుసార్లు గజ్జె కట్టించి విప్పించింది. బావి చూపించింది. ఎవరు ఎవరి పక్కన పడుకుంటే ఏడుస్తారో చెప్పింది. గ్రేస్ అవన్నీ ఫోన్లో రాసుకుంది. అప్పటికి మధ్యాహ్నమైంది, పిల్లలు తిని పడుకున్నారు. మణెమ్మ తన గిన్నె, గొడుగు సంచిలో పెట్టుకుంది. రేపు ఐదుకే రోడ్డు మీద ఉండాలి, మిరపచేనుకు పోయే ఆటోలో ఒక మనిషికి చోటుందని చెప్పారు.

"నీ చీర మర్చినవ్," అంది మైసమ్మ. గది నడిమి పైపుకు కట్టిన ఉయ్యాల వైపు చెయ్యి చూపించింది. "విప్పుకపోరాదు. కొత్త ఉయ్యాల కొంటరట గదా."

మణెమ్మ పోయి ముడి మీద చెయ్యి వేసింది. లోపల తొమ్మిది నెలలవాడు, పిడికిలి నోట్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"లేస్తడు," అంది. సంచి భుజానికి తగిలించుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

రంగు వెలిసిన నీలం నేతచీర, అంచు దగ్గర తెల్లదారంతో కుట్టిన అతుకుతో, పసివాడి బరువుకు కొద్దికొద్దిగా ఊగుతూ ఉంది.